ప్రొపేన్ హీటర్ ఆరిపోతే: అది మురికా, హెచ్చరికా?

2021 ఫిబ్రవరి నడుమ టెక్సాస్‌ను మంచు తుపాను కమ్మినప్పుడు దాదాపు 45 లక్షల ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలోనూ, హ్యూస్టన్ వైపు కేటీ, షుగర్‌ల్యాండ్‌లలోనూ ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఆ రోజులు ఇంకా గుర్తే. ఆ అనుభవం తర్వాత చాలామంది గరాజుల్లోకి ఒక కొత్త వస్తువు వచ్చి చేరింది: చేత్తో పట్టుకుపోగల చిన్న ప్రొపేన్ హీటర్. ఏడాదిలో పదకొండు నెలలు అది ఏదో అరలో దుమ్ము పట్టి ఉంటుంది. చలి హెచ్చరిక రాగానే బయటికి తీస్తారు. నాబ్ నొక్కి తిప్పితే మంట వస్తుంది, వేలు తీయగానే ఆరిపోతుంది. లేదా గంటసేపు చక్కగా వెలిగి, సరిగ్గా అందరూ పడుకునే వేళకు ఆగిపోతుంది.

పైకి చూస్తే ఈ రెండూ ఒకటే. అయితే మొదటిదానికి సాధారణంగా మురికి కారణం, రెండోదానికి చాలాసార్లు గదిలో గాలి పాడవడం కారణం. మొదటిదాన్ని శుభ్రం చేసి బాగుచేసుకోవచ్చు. రెండోదాన్ని అదే పద్ధతిలో బాగుచేయబోవడమంటే ఇంటికి కాపలా ఉన్న కుక్కను కట్టేసి దొంగకు తలుపు తీయడమే. ఆ తుపాను వల్ల చనిపోయినవారు 246 మంది అని టెక్సాస్ ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. వారిలో 19 మంది ప్రాణం తీసింది కార్బన్ మోనాక్సైడ్, అంటే ఇంధనం అరకొరగా కాలినప్పుడు పుట్టే విషవాయువు. అందుకే ఈ హీటర్ లోపల ఏది ఎందుకు ఉందో, ఏ భాగం పాడైతే ఏ లక్షణం కనిపిస్తుందో మొదటి నుంచి చూడవలసి ఉంది.

మన బండలోని గ్యాసు, ఈ సిలిండర్‌లోని గ్యాసు

ఆంధ్ర, తెలంగాణ ఇళ్లకు వచ్చే 14.2 కిలోల బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. అమెరికాలో హీటర్లకు, గ్రిల్లులకు అమ్మే గ్యాసులో 90 శాతానికి తక్కువ కాకుండా ప్రొపేనే ఉంటుంది. ఈ తేడాకు చలే కారణం. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ సెల్సియస్ దిగువన మరుగుతుంది, అంటే నీళ్లు గడ్డకట్టే చలిలో అది ద్రవంగానే ఉండిపోతుంది, వాయువుగా పైకి రాదు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా మరుగుతూనే ఉంటుంది. కనుక మన మిశ్రమం మన వాతావరణానికి సరిపోతుంది కాని, మంచుదేశపు రాత్రికి సరిపోదు.

సిలిండర్‌లో గ్యాసు ద్రవరూపంలో ఉంటుంది, దాని పైభాగంలో చేరిన ఆవిరి మాత్రమే బయటికి వస్తుంది. ఆ ఆవిరి పీడనం బయటి వేడిని బట్టి మారుతుంది. ఇరవై డిగ్రీల వద్ద బయటి గాలి పీడనం కంటే ఏడు రెట్లు ఎక్కువగా ఉండేది, మైనస్ ఇరవై వద్ద ఒకటిన్నర రెట్లకు పడిపోతుంది. ఇంత ఎగుడుదిగుడుగా వచ్చే పీడనాన్ని ఒకే స్థాయికి దించి బర్నర్‌కు అందించడం రెగ్యులేటర్ పని. దించిన తర్వాత మిగిలేది చాలా స్వల్పం: గాలి పీడనంలో సుమారు 37వ వంతు. మన ఇంటి స్టవ్వు రెగ్యులేటర్ ఇచ్చేదీ ఇంచుమించు అంతే. ఇంత మెత్తగా ప్రవహించే గ్యాసు దారిలో చిన్న నలుసు పడినా మంట మారిపోతుంది. ఈ హీటర్ల జబ్బుల్లో సగానికి మూలం ఇక్కడే ఉంది.

హీటర్ శక్తిని బీటీయూలలో చెబుతారు. ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ మేర వేడి చేయడానికి పట్టే వేడి ఒక బీటీయూ. బాగా వాడుకలో ఉన్న చిన్న హీటర్లలో తక్కువ మంట గంటకు 4,000 బీటీయూలు, ఎక్కువ మంట 9,000 బీటీయూలు ఇస్తుంది. ఒక పౌను ప్రొపేన్ కాలితే దాదాపు 21,500 బీటీయూలు వస్తాయి. కాబట్టి పౌను సిలిండర్ ఎక్కువ మంట మీద రెండున్నర గంటలు, తక్కువ మంట మీద అయిదు గంటలకు కాస్త పైన వస్తుంది. రాత్రంతా వస్తుందనుకుని వెలిగించి, అర్ధరాత్రి ఆరిపోయిందని బెంగపడే సందర్భాల్లో కొన్నిటికి కారణం సిలిండర్ ఖాళీ కావడమే తప్ప మరొకటి కాదు.

చిన్న మంట చేతిలో పెద్ద మంట తాళం

నాబ్ నొక్కి పట్టినప్పుడు మొదట వెలిగే చిన్న మంటను పైలట్ మంట అంటారు. దాని పక్కనే అగ్గిపుల్లంత సన్నని లోహపు కడ్డీ నిలబడి ఉంటుంది. అదే థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాలను ఒక కొస దగ్గర అతికి, ఆ అతుకును వేడి చేస్తే స్వల్పంగా విద్యుత్తు పుడుతుందన్న సూత్రం మీద అది పనిచేస్తుంది. పుట్టే విద్యుత్తు 20 నుంచి 30 మిల్లీవోల్టులు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ బ్యాటరీ ఇచ్చేది 1,500 మిల్లీవోల్టులు, అంటే ఇది అందులో యాభయ్యో వంతుకు మించదు. ఆ కొద్దిపాటి విద్యుత్తే లోపలి చిన్న అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది, ఆ అయస్కాంతం గ్యాసు మూతను తెరిచి ఉంచుతుంది. మంట ఆరి కడ్డీ చల్లబడితే విద్యుత్తు ఆగుతుంది, మూత దానంతట అదే పడుతుంది. బయటి బ్యాటరీ అక్కర్లేని ఈ ఏర్పాటులో నాకు నచ్చేది ఇదే: మంట తన కాపలాదారుకు తానే జీతమిస్తుంది.

నాబ్‌ను ముప్పై సెకన్లకు పైగా నొక్కి ఉంచమని ఈ హీటర్లతో వచ్చే కాగితాల్లో రాసి ఉండటానికి కారణం కడ్డీ వేడెక్కే వ్యవధి. పది సెకన్లకే వదిలేసి ఆరిపోయిందనడం, పొయ్యి మీద పెట్టిన క్షణానే పాలు పొంగలేదనడం లాంటిది. కొత్త సిలిండర్ బిగించినప్పుడు గొట్టంలో నిండి ఉన్న గాలి బయటికి పోయేవరకు మంట రాదు, అందువల్ల ఇంకాస్త ఆలస్యం అవుతుంది.

విద్యుత్తు ఇంత తక్కువ కావడం వల్ల మరో చిక్కు ఉంది. థర్మోకపుల్ నుంచి వెళ్లే తీగ చాలా నమూనాల్లో హీటర్ ఒరిగితే ఆపేసే స్విచ్చు గుండా పోతుంది. ఆ స్విచ్చు మొనలకు చిలుము పట్టినా, తీగ అతుకు కాస్త వదులైనా, సాధారణ కరెంటు పరికరంలో లెక్కలోకి రాని అడ్డు ఇక్కడ అయస్కాంతం పట్టు విడిచేంత అడ్డు అవుతుంది. అప్పుడు పైలట్ మంట చూడముచ్చటగా, నీలంగా, నిటారుగా ఉంటుంది కాని, వేలు తీయగానే ఆరిపోతుంది. ఆ పరిస్థితిలో ఎన్ని రంధ్రాలు ఊదినా ప్రయోజనం ఉండదు. జబ్బు తీగలో ఉంది.

ఆక్సిజన్ కాపలా: ఏమి పట్టుకుంటుంది, ఏమి పట్టుకోదు

ఇంటి లోపల వాడవచ్చని రాసి అమ్మే హీటర్లలో ఆక్సిజన్ తగ్గుదలను గుర్తించే ఏర్పాటు ఉంటుంది. పేరు వింటే లోపల ఏదో రసాయన పరీక్ష చేసే పరికరం ఉందని అనిపిస్తుంది కాని, అలాంటిది ఏమీ లేదు. ఆ పనీ పైలట్ మంటదే. ఆ మంటను ఎంత జాగ్రత్తగా కొలతపెట్టి తయారు చేస్తారంటే, గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉన్నప్పుడు అది థర్మోకపుల్‌ను తాకుతుంది, దాదాపు 18 శాతానికి పడిపోయేసరికి అది తన మూలం నుంచి పైకి లేచి, తూలి, కడ్డీకి దూరమవుతుంది. కడ్డీ చల్లబడుతుంది, మూత పడుతుంది.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఈ ఏర్పాటు కార్బన్ మోనాక్సైడ్‌ను కొలవదు. రెండోది, అది పెద్ద బర్నర్‌ను చూడదు, తన చిన్న మంటను మాత్రమే చూసుకుంటుంది. గదిలో ఆక్సిజన్ నిండుగా ఉండగానే పెద్ద బర్నర్‌లో దుమ్ము చేరి గ్యాసు అరకొరగా కాలుతుంటే, పైలట్ మంట నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న పడకగదిలో సుమారు 22.6 ఘనమీటర్ల గాలి ఉంటుంది. 9,000 బీటీయూల మంట గంటకు 190 గ్రాముల ప్రొపేన్‌ను కాలుస్తుంది. ఒక కిలో ప్రొపేన్ కాలడానికి 3.6 కిలోల ఆక్సిజన్ కావాలి కాబట్టి, ఈ మంట గంటకు దాదాపు 690 గ్రాముల ఆక్సిజన్‌ను, అంటే అర ఘనమీటరుకు కాస్త ఎక్కువ, తినేస్తుంది. గాలి ఏమాత్రం చొరబడని గది అనుకుంటే, ఆక్సిజన్ 20.9 నుంచి 18 శాతానికి దిగడానికి సుమారు గంటా పావు పడుతుంది. నిజమైన గదుల్లో తలుపు సందులు ఉంటాయి కనుక ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

ఇప్పుడు అదే గదిలో బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, లెక్కిద్దాం. కిలో ప్రొపేన్‌కు మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గంటకు 570 గ్రాములు, అంటే సుమారు 0.31 ఘనమీటర్లు. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు ఎనిమిది గంటల పనిదినానికి సగటున అనుమతించే పరిమితి 0.5 శాతం. ఈ గది ఆ పరిమితిని ఇరవై రెండు నిమిషాల్లోనే దాటుతుంది. ఆక్సిజన్ కాపలా మేల్కొనే గంటా పావు నాటికి అది 1.7 శాతం దగ్గర ఉంటుంది, అప్పటికి తలనొప్పి, ఉక్కగా ఉన్న భావన వచ్చేసి ఉంటాయి. కనుక హీటర్ ఇంకా వెలుగుతోందంటే గాలి బాగుందని అర్థం కాదు. గాలి ఇంకా మరీ పాడవలేదని మాత్రమే అర్థం.

ఇంకొక చిన్న లెక్క ఈ హీటర్లను గుడారాల్లో వాడేవారికి బాగా తెలుసు. కిలో ప్రొపేన్ కాలితే 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. పై మంట గంటకు మూడు వందల మిల్లీలీటర్ల నీటిని, అంటే పెద్ద గ్లాసెడు నీళ్లను, గాలిలోకి వదులుతుంది. తెల్లవారుజామున గుడారం గుడ్డ మీద కారే నీళ్లు బయటి మంచు కావు.

దుమ్ము వేసే దొంగవేషం

పైలట్ మంటకు గ్యాసు ఒక సన్నని రంధ్రం నుంచి వస్తుంది, గాలి గొట్టం పక్కనున్న మరో చిన్న కంత నుంచి వచ్చి అందులో కలుస్తుంది. ఆ గాలి కంత చాలా నమూనాల్లో కిందివైపు, నేలకు దగ్గరగా ఉంటుంది. గరాజు నేల మీద దుమ్ము, కుక్క వెంట్రుకలు, బట్టలారబెట్టే మిషను వదిలే నూలుపొగు అన్నీ తిరిగే చోటు అదే. ఆ కంత సగం మూసుకుపోతే మంటకు అందే గాలి తగ్గుతుంది. గదిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా, ఆ చిన్న మంట దృష్టిలో ఆక్సిజన్ లేనట్టే. అది పసుపు రంగుకు తిరిగి, మెత్తబడి, తూలి, కడ్డీని విడిచి ఆరిపోతుంది. దుమ్ము ఆక్సిజన్ కొరత వేషం వేసుకుని వస్తుందన్నమాట. కాపలాదారు తన పని తాను సరిగ్గానే చేశాడు, కాకపోతే అతని కళ్లజోడుకే మసి పట్టింది.

గత శరదృతువులో ఒక మిత్రుని గరాజులో అలాంటి హీటర్ ముందు జాలీ విప్పి చూశాను. పైలట్ గొట్టం పక్కనున్న కంతకు అడ్డంగా గోరంత బూడిదరంగు దూది ఉంది. టార్చి వేసి దగ్గరగా చూస్తే అది దూది కాదు, సాలెగూడు. దానికి చిక్కి ఎండిన ఒక దోమ రెక్క. ఊదుగొట్టంలా సన్న నోరున్న గాలి డబ్బాతో ఒక్కసారి ఊదితే ఎగిరిపోయింది. అంతకుముందు కొవ్వొత్తి మంటలా పచ్చగా ఊగిన పైలట్, ఆ తర్వాత నీలి ముల్లులా నిలబడి కడ్డీ కొసను ఎర్రబరిచింది. మొత్తం పని పది నిమిషాలు పట్టలేదు. ఆ ముందురోజే మిత్రుడు కొత్త హీటర్ ఆర్డరు పెట్టేశాడు.

సాలీడు ఇక్కడికే ఎందుకు వస్తుందన్నది వింత ప్రశ్న కాదు. సన్నని చీకటి గొట్టాలు వాటికి ఇష్టం, కొన్ని జాతులను ఇంధనపు వాసన కూడా ఆకర్షిస్తుందని భావిస్తారు. 2011లో ఉత్తర అమెరికాలో సుమారు 65,000 మాజ్దా 6 కార్లను కంపెనీ వెనక్కి పిలిపించింది. పసుపు సాలీళ్లు పెట్రోలు ట్యాంకు గాలి గొట్టంలో గూళ్లు కట్టడం వల్ల వచ్చిన తిప్పలు అవి. కారుకు జరిగినది హీటర్‌కు జరగడంలో ఆశ్చర్యమేముంది?

మురికి కాని కారణాలు: చలి, ఎత్తు, గొట్టం

శుభ్రం చేసినా హీటర్ ఆరిపోతుంటే కారణం బయట ఉండవచ్చు.

ద్రవ ప్రొపేన్ ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది సిలిండర్ గోడల నుంచే లాక్కుంటుంది. అందుకే వాడుతున్న సిలిండర్ చల్లబడి, దాని మీద ద్రవం ఉన్న ఎత్తు వరకు మంచు పొడి పడుతుంది. సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ ద్రవానికి గోడతో తగిలే చోటు తగ్గుతుంది, ఆవిరి ఇంకా నెమ్మదిస్తుంది, మంట కుంగుతుంది. చిన్న పౌను సిలిండర్ మీద పెద్ద మంట పెట్టి, గడ్డకట్టే చలిలో కూర్చుంటే, లోపల గ్యాసు మిగిలి ఉండగానే హీటర్ నీరసించడం ఈ కారణం వల్లే. అదే మంటను 20 పౌన్ల పెద్ద సిలిండర్‌కు తగిలిస్తే ఆ ఇబ్బంది కనిపించదు, ఎందుకంటే దాని గోడ వైశాల్యం చాలా ఎక్కువ.

ఎత్తు సంగతి మరోలా ఉంటుంది. డాలస్‌లో నిక్షేపంగా వెలిగిన హీటర్‌ను కొలరాడోలోని ఎస్టెస్ పార్క్‌కు తీసుకువెళితే అది ఆరిపోవచ్చు. ఆ ఊరు సముద్రమట్టానికి 7,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదాంట్లో నాలుగింట మూడు వంతులే. గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, కాని గాలే పలచబడటం వల్ల మంటకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. పైలట్ మంట ఈ రెండిటి మధ్య తేడా తెలుసుకోలేదు. ఏడు వేల అడుగులు దాటితే హీటర్ ఆగిపోవచ్చని కొందరు తయారీదారులే ముందుగా రాస్తారు. అది లోపం కింద లెక్క కాదు.

పెద్ద సిలిండర్ నుంచి రబ్బరు గొట్టం ద్వారా గ్యాసు తెచ్చుకునేవారికి మూడో చిక్కు ఉంది. అధిక పీడనంలో ఉన్న ప్రొపేన్ కొన్ని రకాల గొట్టాల రబ్బరులో కలిపే మెత్తదనపు నూనెలను కొద్దికొద్దిగా కరిగించుకుని వస్తుంది. ఆ నూనె హీటర్ లోపలి రెగ్యులేటర్ దగ్గరా, సన్నని రంధ్రాల దగ్గరా జిగటగా దిగబడుతుంది. ఇది దుమ్ములా ఊదితే పోదు. గొట్టానికీ హీటర్‌కూ మధ్య వడపోత డబ్బా పెట్టడం, లేదా రెగ్యులేటర్ సిలిండర్ దగ్గరే ఉండే రకం గొట్టం వాడటం ఈ జిగటను తగ్గిస్తాయి. రెండో పద్ధతిలో గొట్టంలో పీడనం తక్కువ కాబట్టి రబ్బరు మీద ప్రభావమూ తక్కువ. అయితే హీటర్ లోపల ఇప్పటికే ఒక రెగ్యులేటర్ ఉంటే దానికి ఎంత పీడనం రావాలన్నది ఆ నమూనాను బట్టి మారుతుంది. రెండూ కలిస్తే మంట చాలకపోవచ్చు.

పెద్ద సిలిండర్ మీటను ఒక్కసారిగా పూర్తిగా తిప్పినా మంట నీరసంగా రావచ్చు. గొట్టం తెగిపోయిందేమోనని అనుమానించి ప్రవాహాన్ని బిగించే భద్రతా ఏర్పాటు అక్కడ ఉంటుంది. మీట కట్టేసి, కాసేపు ఆగి, నెమ్మదిగా తిప్పితే అది వదులుతుంది.

శుభ్రం చేయడం వల్ల అసలు మారేది ఏమిటి

మన ముందు తరం వారికి కిరసనాయిలు పంపు స్టవ్వు తెలుసు. మంట తగ్గితే రేకు పిడి ఉన్న పిన్ను తీసుకుని నిపుల్‌లో పొడిచేవారు, భగ్గున మంట లేచేది. ఆ అలవాటు చేతిలో ఉండిపోయినవారు హీటర్ పైలట్‌కూ గుండుసూది పట్టుకుని సిద్ధమవుతారు. దీని మీద రెండు వాదాలు ఉన్నాయి. రంధ్రానికి సరిపోయే మెత్తని రాగి తీగ అయితే నష్టం లేదని పని తెలిసిన కొందరంటారు. సాధారణ సూది మాత్రం వద్దేవద్దని ఇంకొందరు గట్టిగా చెబుతారు. లెక్క రెండోవారి వైపే ఉందని నా అభిప్రాయం. రంధ్రం వ్యాసం పది శాతం పెరిగితే దాని వైశాల్యం ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది, గ్యాసు దాదాపు అంత ఎక్కువగా వస్తుంది, గాలి మాత్రం పెరగదు. ఇత్తడి మెత్తని లోహం, ఉక్కు సూదికి అది లొంగిపోతుంది. పంపు స్టవ్వులో ఆ తేడా మంట పెద్దదైందన్న ఆనందం దగ్గర ఆగేది. ఇక్కడ అదే తేడా ఆక్సిజన్ కాపలా కొలతనే మార్చేస్తుంది.

సాధారణంగా జరిగే శుభ్రత ఇంతకంటే సాదాసీదా పని. హీటర్ పూర్తిగా చల్లారాక, సిలిండర్‌ను ఆరుబయట విప్పి దూరంగా పెట్టాక, గాలి డబ్బాతో పైలట్ గాలి కంతను, బర్నర్ వెనుక గాలి పీల్చే నోటిని ఊదుతారు. థర్మోకపుల్ కొస మీద మసి పట్టి ఉంటే సన్నని గరుకు పీచుతో రుద్దుతారు, ఎందుకంటే మసి పొర వేడిని లోపలికి పోనివ్వదు. జిగట పట్టిన రంధ్రపు ముక్కను విప్పగలిగితే స్పిరిట్‌లో నానబెట్టి, పూర్తిగా ఆరాకే తిరిగి బిగిస్తారు.

పెద్ద బర్నర్ ముఖంగా ఉండే పింగాణీ పలక సంగతి వేరు. దానిలో వేలాది సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి. గ్యాసు, గాలి కలిసి ఆ రంధ్రాల నుంచి వచ్చి పలక ఉపరితలం మీదే కాలి, దానిని నారింజ రంగులోకి తెస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పలక అంతటా ఒకే రంగులో ఉంటుంది. ఒకచోట నల్లగా, మరోచోట మరీ తెల్లగా ఉంటే, లేదా పలక ముందు పసుపు నాలుకలు లేస్తుంటే, గ్యాసుకు గాలి సరిగా కలవడం లేదన్నమాట. కార్ల టైర్లలో గాలి నింపే కంప్రెసర్‌తో ఈ పలకను ఊదితే అది పగలవచ్చు, చుట్టూ ఉన్న అంచు ఊడవచ్చు. పగిలిన పలక గుండా మంట వెనక్కి పోయే ప్రమాదం ఉంది, దానికి శుభ్రత మందు కాదు, మార్చవలసిందే.

పైలట్‌ను మాత్రమే శుభ్రం చేసి, హీటర్ వెలుగుతోంది కదా అని ఊరుకోవడంలో ఉన్న చిక్కు ఇక్కడ బయటపడుతుంది. పైలట్‌కు పట్టిన దుమ్మే పెద్ద బర్నర్‌కూ పట్టి ఉంటుంది. మొదటిది పోగానే హీటర్ ఆగకుండా మండుతుంది, రెండోది మిగిలి ఉండటం వల్ల కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా విడుదల చేస్తూ మండుతుంది. అరకొర శుభ్రత హీటర్‌ను వెలిగేలా చేస్తుంది, క్షేమంగా వెలిగేలా చేయదు.

తిరిగి బిగించిన తర్వాత అతుకుల మీద సబ్బు నురగ రాసి చూడటం మనకు కొత్త కాదు. బండ తెచ్చే అబ్బాయి చేసే పనే. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, కారితే నేల మీదే పాకుతుంది. దానికి సొంతంగా వాసన లేదు, మనకు తెలిసిన ఆ కుళ్లు వాసన కోసం ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు.

ఇంట్లో వాడవచ్చా: తెగని వాదం

ఈ హీటర్లను ఇంట్లో వాడటం మీద ఏకాభిప్రాయం లేదు. వాడవచ్చనేవారు చెప్పేది ఇది: ఆక్సిజన్ కాపలా ఉంది, ఒరిగితే ఆగే స్విచ్చు ఉంది, కిటికీ కాస్త తెరిచి ఉంచితే చాలు. 9,000 బీటీయూల హీటర్‌కు మూడంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు గల ఖాళీ, అంటే తొమ్మిది చదరపు అంగుళాలు, తెరిచి ఉంచాలని తయారీదారుల కాగితాల్లో ఉంటుంది. టెక్సాస్ లెక్కల్లో ఎక్కువ మరణాలు విషవాయువు వల్ల కాక చలి వల్లే జరిగాయన్నదీ వారి వాదనకు బలమే. గడ్డకట్టే ఇంట్లో పసిబిడ్డను, ముసలివారిని పెట్టుకుని కూర్చున్నవారికి "వాడవద్దు" అని చెప్పడం సమాధానం కాదు.

వద్దనేవారి వాదన పొగగొట్టం చుట్టూ తిరుగుతుంది. మండినదంతా గదిలోనే ఉండిపోయే పరికరాన్ని ఎంత కాపలా పెట్టినా నిద్రపోయేవారి దగ్గర నమ్మలేమంటారు. కాలిఫోర్నియా చట్టం ఈ దారిలోనే నడిచింది. కరెంటువీ, పొగగొట్టం ఉన్న చలిమంట గూటిలో పెట్టే అలంకార గ్యాసు మొద్దులూ తప్ప, పొగగొట్టం లేని హీటర్లను ఇళ్ల లోపల వాడకానికి అమ్మడాన్నే అది నిషేధించింది. నిద్రలో ఉన్నవారి విషయంలో వద్దనేవారి మాటే చెల్లుతుందని నాకనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది, దానికి రంగూ వాసనా లేవు, మొదటి లక్షణం తలనొప్పి, నిద్రపోతున్నవారికి అదీ తెలియదు. మన ఏజెన్సీ గ్రామాల్లో చలికి తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకునే ఇళ్లలో ఉన్న ప్రమాదమూ ఇదే.

రెండు వర్గాలూ ఒప్పుకునే పరికరం కార్బన్ మోనాక్సైడ్ అలారం. అయితే అది కూడా వెంటనే మోగేది కాదు. అమెరికా ప్రమాణం ప్రకారం పదిలక్షల భాగాల గాలిలో 70 భాగాలు ఉంటే అది గంట నుంచి నాలుగు గంటల లోపు, 150 ఉంటే పది నుంచి యాభై నిమిషాల లోపు, 400 ఉంటే నాలుగు నుంచి పదిహేను నిమిషాల లోపు మోగాలి. స్వల్ప మోతాదుకు మోగకుండా ఉండటం దాని తయారీలోనే ఉంది.

మూడు హీటర్లు, ఒకే ఫిర్యాదు

ముగ్గురు "మా హీటర్ ఆరిపోతోంది" అన్నారనుకుందాం.

మొదటి హీటర్ ఆరుబయట, గాలి బాగా ఆడే చోట, నాబ్ వదిలిన వెంటనే ఆరిపోతుంది. పైలట్ మంట పసుపుగా, పొట్టిగా ఉంది. ఆరుబయట ఆక్సిజన్ కొరత అసాధ్యం, ఎత్తు ప్రదేశం కాదు, కనుక మంటకు గాలి అందకపోవడానికి కారణం హీటర్ లోపలే ఉండాలి. ఇది దుమ్ము కథ.

రెండో హీటర్ కూడా ఆరుబయటే, వదిలిన వెంటనే ఆరిపోతుంది. కాని పైలట్ మంట నీలంగా ఉంది, కడ్డీ కొసను చుట్టుకుని ఉంది, నిమిషంపాటు నొక్కి పట్టినా ఫలితం లేదు. మంట తన పని చేస్తోంది, విద్యుత్తు అయస్కాంతానికి చేరడం లేదు. థర్మోకపుల్ ముసలిదైందా, అతుకు వదులైందా, ఒరిగే స్విచ్చుకు చిలుము పట్టిందా అన్నది మిల్లీవోల్టులు చూపే మీటరుతో తేలుతుంది. పైన చెప్పిన 20 నుంచి 30కి బదులు ఎనిమిదో పదో చూపితే మార్చవలసింది కడ్డీనే. ఊదడం వల్ల ఒరిగేది లేదు.

మూడో హీటర్ పడకగదిలో గంటసేపు చక్కగా వెలిగి ఆరిపోయింది. వెంటనే మళ్లీ ముట్టిస్తే పైలట్ నిలబడలేదు. సిలిండర్ ఊపి చూస్తే గ్యాసు ఉంది. దానిని బయట వరండాలోకి తెచ్చి ముట్టించగానే మొదటిసారికే వెలిగింది, నీలంగా, నిటారుగా, అరగంట గడిచినా ఆరలేదు. ఆ హీటర్ విప్పవలసిన అవసరం లేదు. తెరవవలసినవి ఆ గది కిటికీలు, అంతకంటే ముందు బయటికి తీసుకురావలసింది ఆ గదిలో పడుకున్నవారిని.